వరిగింజలో ఔషధం: రాయపూర్ పరిశోధన మనకు చెప్పేదేమిటి?

విశాఖపట్నంలో రైలెక్కి విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ దాటి మహాసముంద్ చేరేసరికి కిటికీకి ఇరువైపులా కనుచూపు మేర వరిచేలే దర్శనమిస్తాయి. ఛత్తీస్‌గఢ్‌ను అక్కడివారు 'ధాన్ కా కటోరా' అని పిలుచుకుంటారు. ధాన్యపు గిన్నె అని ఆ మాటకు అర్థం. ఉద్యోగరీత్యా రాయపూర్‌లో కొన్నేళ్ళు గడిపే అవకాశం మాకు లభించింది. అన్నం తినే మనవంటి వారికి, అన్నం తినే ఊరు త్వరగానే సొంత ఊరవుతుంది. రైల్వేలలోనూ, ఉక్కు కర్మాగారంలోనూ, ఇతర సంస్థలలోనూ పనిచేయడానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి తరలివెళ్ళిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో స్థిరపడి ఉన్నాయి.

2018లో అక్కడ జరిగిన ఒక సంఘటన ఈ వ్యాసానికి ప్రేరణ. మా కార్యాలయంలో పనిచేసే మిత్రులొకరి భార్యకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. శస్త్రచికిత్స పూర్తయింది. కీమోథెరపీ మూడు విడతలు నడిచింది. జుట్టు రాలిపోయింది. మెతుకు నోట పెడితే వాంతి అయ్యేది. సరిగ్గా ఆ రోజులలోనే పత్రికలలో ఒక వార్త ప్రముఖంగా వెలువడింది. ఛత్తీస్‌గఢ్ దేశవాళీ బియ్యానికి క్యాన్సర్ కణాలను అదుపు చేసే గుణం ఉన్నదని రాయపూర్, ముంబయి శాస్త్రజ్ఞులు కనుగొన్నారన్నది ఆ వార్త సారాంశం. వారం తిరగకముందే పల్లె నుండి దగ్గరి బంధువొకరు ఆ రకం బియ్యం బస్తా ఒకటి మోసుకొచ్చి వంటింట్లో దింపారు.

మిత్రులు ఆ పత్రిక కత్తిరింపును చేతబట్టుకుని మా వద్దకు వచ్చారు. "గురువుగారూ, మా ఆవిడ ఇక సూదులు వద్దంటోంది. ఆ రసాయనాలు ఒంటిని పీల్చేస్తున్నాయి, దేవుడిచ్చిన బియ్యం చాలునంటోంది. తరువాతి విడత పదిరోజులలో ఉంది. ఏం చేయమంటారు?" అని అడిగారు. మాకు వెంటనే సమాధానం తోచలేదు. కాని ఆ ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. దానికి జవాబు వెదుకుతూ తెలుసుకున్న విషయాలను మన సంస్థ కుటుంబ సభ్యులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గింజ వెనుక గాథ

ముందుగా ఆ బియ్యం సంగతి చెప్పుకుందాం. వార్తలలోకి ఎక్కిన వరి వంగడాలు మూడు: గఠువన్, మహరాజీ, లాయచా. ఇవి శాస్త్రజ్ఞులు ఈనాడు సృష్టించినవి కావు. ఛత్తీస్‌గఢ్ రైతులు తరతరాలుగా పండించుకుంటున్నవి. గఠువన్ బియ్యాన్ని కీళ్ళవాతంతో బాధపడే వారికి పెట్టడం అక్కడి ఆచారం. బాలింతలు కోలుకోవడానికి మహరాజీ వండిపెడతారు. గర్భవతులు లాయచా తింటే పుట్టబోయే బిడ్డకు ఒక రకమైన చర్మవ్యాధి సోకదని నమ్మకం. మన పల్లెలలో బాలింతకు పథ్యం బియ్యం వేరుగా తీసిపెట్టినట్లే అక్కడా చేస్తారన్నమాట.

ఈ వంగడాలు నేటికీ మిగిలి ఉండడం వెనుక ఒక వ్యక్తి దీక్ష ఉంది. ఆయన డాక్టర్ ఆర్.హెచ్. రిచారియా. 1959లో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు సంచాలకులైన ఈ శాస్త్రజ్ఞుడు 1970వ దశకంలో రాయపూర్ కేంద్రంగా పనిచేశారు. ఊరూరా తిరిగి వేలాది దేశవాళీ వరి రకాలను సేకరింపజేసి, ప్రతి రకానికి స్థానిక నామం, గుణగణాలు నమోదు చేయించారు. అధిక దిగుబడి వంగడాలు దేశమంతటా పరచుకుంటున్న కాలంలో పాత విత్తనాన్ని పోగుచేయడమంటే ఏటికి ఎదురీదడమే. 1996లో ఆయన కన్నుమూశారు. ఆయన వారసత్వం మాత్రం 1987లో స్థాపితమైన ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం చేతికి అందింది. నేడు రాయపూర్‌లోని ఆ విశ్వవిద్యాలయ విత్తన భాండాగారంలో 23,000కు పైగా వరి నమూనాలు భద్రంగా ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో తప్ప ఇంత పెద్ద వరి సేకరణ అరుదు.

ఈ భాండాగారం విలువ సామాన్య ప్రజలకు కూడా తెలిసివచ్చిన సందర్భం 2002లో ఏర్పడింది. సిన్‌జెంటా అనే విదేశీ విత్తన సంస్థతో ఈ సేకరణ విషయమై ఒప్పందం కుదరనున్నదన్న వార్త వెలువడగానే రైతులు, శాస్త్రజ్ఞులు, పౌరసంఘాలు వ్యతిరేకించాయి. ఆ సంవత్సరం డిసెంబరులో ఆ సంస్థ వెనుకకు తగ్గింది.

తవుడు చెప్పిన పాఠం

అన్నంలో ఔషధమేమిటి, ఇది మూఢనమ్మకం కాదా అని చదువుకున్న వారికి సందేహం కలగవచ్చు. చరిత్ర అలా తోసిపుచ్చవద్దంటోంది.

పంతొమ్మిదవ శతాబ్దం చివరలో జావా ద్వీపంలోని బటేవియా నగరంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధికి కారణమైన సూక్ష్మజీవి కోసం వెదుకుతున్నాడు. కాళ్ళు చచ్చుబడి, గుండె బలహీనపడి వేలాదిమంది మరణిస్తున్న రోజులవి. ప్రయోగశాలలోని కోళ్ళకు కూడా అదేవిధంగా కాళ్ళు పడిపోవడం, కొంతకాలానికి వాటంతటవే కోలుకోవడం ఆయన గమనించాడు. ఆరా తీయగా తేలినదేమిటంటే, అంతవరకు కోళ్ళకు ఆసుపత్రిలో మిగిలిన తెల్లటి పాలిష్ అన్నం పెట్టేవారు. వంటవాడు మారాక ఆ అన్నం పెట్టడం మానివేసి, మేతను మార్చారు. కోళ్ళు లేచి తిరిగాయి. రహస్యం తవుడులో ఉంది. 1926లో అదే బటేవియాలో తవుడు నుండి ఆ పదార్థాన్ని శుద్ధరూపంలో వేరుచేశారు. అదే నేడు మనం థయమిన్ లేదా విటమిన్ బి1 అంటున్నది. ఆహారాన్ని శక్తిగా మార్చుకోవడానికి ప్రతి జీవకణానికీ అది అవసరం. అది కొరవడినప్పుడు అధికశక్తి కోరే నాడీకణాలు, గుండెకణాలు ముందుగా దెబ్బతింటాయి. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ కథకు తెలుగునేలతోనూ బంధుత్వం ఉంది. ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి ప్రబలి ఉండేది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధన కేంద్రంగా ప్రారంభమైన సంస్థే క్రమంగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా విరాజిల్లుతోంది. ధాన్యాన్ని ముందుగా ఉడికించి ఆరబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యంలో ఈ విటమిన్ గింజ లోపలికి ఇంకి నిలుస్తుంది. మన అమ్మమ్మలకు విటమిన్ పేరు తెలియకపోయినా ఆ పద్ధతి తెలుసు.

కనుక వరిగింజకు ఆరోగ్యాన్ని ప్రభావితం చేసే శక్తి ఉందన్న మాటలో వింతేమీ లేదు. గింజపై పొరలో ఫెరూలిక్ ఆమ్లం, ఒరైజనాల్ వంటి మరెన్నో పదార్థాలు కూడా ఉన్నాయి. వంగడాన్నిబట్టి వాటి పాళ్ళు మారుతాయి. ఏ పదార్థం, ఎంత మోతాదులో, ఏ వ్యాధికి, ఏ సాక్ష్యంతో పనిచేస్తుందన్నదే అసలు ప్రశ్న.

కణమనే కర్మాగారం

మన సంస్థలో పనిచేసే వారికి జీవకణాన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. అదొక కర్మాగారం. నమూనా పటాలు భద్రపరచే విభాగం కేంద్రకం. విద్యుత్ కేంద్రం మైటోకాండ్రియా. సరకు రవాణాకు పట్టాలవంటి సూక్ష్మనాళికలు ఉంటాయి. నాణ్యతా తనిఖీ విభాగమూ ఉంది. పటంలో సరిదిద్దరాని లోపం ఏర్పడితే ఆ కణం తనంతట తాను క్రమపద్ధతిలో అంతరించేలా ఆ విభాగం చూస్తుంది. ఈ స్వయంమరణ వ్యవస్థ విఫలమై, లోపభూయిష్ఠమైన కణం అదుపులేకుండా విభజన చెందితే దానినే క్యాన్సర్ అంటాము.

మానవ క్యాన్సర్ కణాలను శరీరం వెలుపల నిరంతరంగా పెంచడం 1951లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో సాధ్యమైంది. హెన్రియెట్టా లాక్స్ అనే రోగి నుండి, ఆమె అనుమతి లేకుండానే తీసిన కణాలు నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పెరుగుతూనే ఉన్నాయి. అటువంటి కణసంతతులపైనే నేడు సహజ పదార్థాలను తొలుత పరీక్షిస్తారు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో స్థూలంగా చెప్పుకుందాం. బియ్యాన్ని పొడిచేసి మెథనాల్ వంటి ద్రావణంలో నానబెట్టి సారం తీస్తారు. చిన్నచిన్న గుంతలున్న పళ్ళెంలో కణాలను పెంచి, ఒక్కొక్క గుంతలో ఒక్కొక్క మోతాదు సారం వేస్తారు. ఒకటి రెండు రోజుల తరువాత పసుపురంగు రసాయనం ఒకటి కలుపుతారు. బ్రతికి ఉన్న కణాలు దానిని ఊదారంగుకు మారుస్తాయి. ఊదారంగు ఎంత తగ్గితే అన్ని కణాలు చనిపోయినట్లు, లేదా పెరుగుదల ఆగినట్లు గ్రహిస్తారు. పక్కనే ఆరోగ్యవంతమైన కణాలతోనూ ఇదే పరీక్ష జరుపుతారు. వ్యాధి కణాన్ని చంపి మామూలు కణాన్ని విడిచిపెట్టే పదార్థానికే విలువ.

రాయపూర్ విశ్వవిద్యాలయం, ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం కలిసి చేసిన పరిశోధనలో ఆ మూడు వంగడాల సారాలు ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్ కణాల పెరుగుదలను అరికట్టినట్లు, మామూలు కణాలకు హాని చేయనట్లు 2018లో ప్రకటించారు. మూడింటిలో లాయచా అధిక ప్రభావం చూపిందని కూడా తెలిపారు. ఇది గర్వించదగిన ఫలితమే. పల్లె రైతు కాపాడిన గింజ అణుశాస్త్ర కేంద్రం దాకా ప్రయాణించి అక్కడ తన సత్తా చూపించింది.

పళ్ళెం వేరు, దేహం వేరు

అయితే పత్రిక శీర్షికకూ పరిశోధన ఫలితానికీ నడుమ చాలా దూరం ఉంది. పళ్ళెంలోని కణానికి సారం నేరుగా తగులుతుంది. మనం తినే అన్నం ముందు కుండలో ఉడకాలి, తరువాత జీర్ణాశయంలో అరగాలి, ప్రేగులలో ఇంకాలి, కాలేయం తనిఖీ దాటాలి, రక్తంలో కలవాలి, కణితి వరకు చేరాలి. అంతదూరం వెళ్ళేసరికి ఎంత మిగులుతుంది? ఉప్పు మితిమీరి వేసినా పళ్ళెంలోని కణం చనిపోతుంది. అంతమాత్రాన ఉప్పును క్యాన్సర్ మందు అనము కదా!

మనందరి వంటింటిలోని పసుపే ఇందుకు చక్కని ఉదాహరణ. పసుపులోని కర్కుమిన్ పళ్ళెంలో ఎన్నో రకాల క్యాన్సర్ కణాలపై ప్రభావం చూపింది. దానిపై వేలాది పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. కాని అది ప్రేగుల నుండి రక్తంలోకి చేరేది అత్యల్పం. 2017లో ఔషధ రసాయన శాస్త్రజ్ఞులు ఆ పరిశోధనలన్నింటినీ సమీక్షించి, కట్టుదిట్టంగా జరిపిన మానవ ప్రయోగాలలో కర్కుమిన్ విజయం సాధించిన దాఖలా ఒక్కటీ లేదని తేల్చారు. పసుపు మంచి వంటదినుసు కాకుండా పోలేదు. పళ్ళెంలో కనిపించినది దేహంలో నిలవలేదు, అంతే.

పళ్ళెం తరువాత జంతువులు, ఆ తరువాత మానవులలో మొదట భద్రత, పిదప మోతాదు, చివరకు ప్రస్తుత చికిత్సతో పోలిక — ఇవన్నీ మెట్లు. ఏ మెట్టునూ దాటవేయడానికి వీలులేదు. 2018 నాటి ప్రకటన మొదటి మెట్టుకు సంబంధించినది.

సూదిలోని చెట్టు

మిత్రుల ఇంటి సమస్యకు తిరిగి వద్దాం. మేమే ఒక సలహా ఇచ్చాము. నిర్ణయం తీసుకునే ముందు ఆ బియ్యాన్ని వెంటబెట్టుకుని ఇద్దరూ డాక్టరుగారి వద్దకే వెళ్ళండని చెప్పాము. మమ్మల్నీ తోడు రమ్మన్నారు. వెళ్ళాము.

డాక్టరుగారు కోప్పడలేదు. గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని చూశారు. తరువాత ఆమెతో ఇలా అన్నారు: "అమ్మా, ఇంతవరకు మీకు ఎక్కించిన ఎర్రమందు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి వచ్చింది. ఇకముందు ఇవ్వబోయేది ఒక చెట్టు బెరడులో దొరికింది. మీరు వద్దంటున్నదీ ప్రకృతి ఇచ్చినదే. తేడా ఒక్కటే. ఆ చెట్టును ముప్పై ఏళ్ళు పరీక్షించారు. ఈ బియ్యాన్ని ఇప్పుడే పరీక్షించడం మొదలుపెట్టారు."

డాక్టరుగారు ప్రస్తావించిన చెట్టు అమెరికా పశ్చిమతీరంలో పెరిగే యూ వృక్షం. 1962లో దాని బెరడును సేకరించారు. మన్రో వాల్, మన దేశంలోని నందుర్బార్‌లో జన్మించిన మన్‌సుఖ్ వాణి కలిసి దానిలోని క్రియాశీల పదార్థపు నిర్మాణాన్ని 1971లో వెల్లడించారు. అది కణంలోని సూక్ష్మనాళికలను బిగించివేసి, కణవిభజన సాగనీయకుండా చేస్తుందని 1979లో సూసన్ హార్విట్జ్ బృందం కనుగొన్నది. మన ఉపమానంలో చెప్పాలంటే పట్టాలు కదలకుండా బిగిసిపోతే కర్మాగారం రెండుగా చీలలేదు. 1992 డిసెంబరులో పాక్లిటాక్సెల్ పేరుతో అది మందుగా అమెరికాలో ఆమోదం పొందింది. మన క్వార్టర్ల ముంగిళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుండి వచ్చిన విన్‌క్రిస్టిన్ కూడా ఆ నాళికలపైనే పనిచేస్తుంది, కాని వాటిని అల్లుకోకుండా అడ్డుకుంటుంది. మధుమేహానికి నాటువైద్యంలో వాడే ఆ మొక్కను 1950వ దశకంలో కెనడా శాస్త్రజ్ఞులు పరీక్షించగా చక్కెర తగ్గలేదు కాని తెల్లరక్తకణాలు తగ్గాయి. ఆ గమనికే రక్తక్యాన్సర్ చికిత్సకు దారితీసింది. సంప్రదాయం దారి చూపగలదు, గమ్యాన్ని మాత్రం పరీక్షే నిర్ణయించాలి.

ప్రకృతిసిద్ధమైనవన్నీ నిరపాయకరం అనుకోవడమూ పొరపాటే. బెల్జియంలో సన్నబడడానికి మూలికలు తీసుకున్న అనేకమంది స్త్రీలకు మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతం 1993లో వెల్లడైంది. అరిస్టలోకియా జాతి మొక్కలలోని ఆమ్లం అందుకు కారణమని, అది మూత్రనాళాల క్యాన్సర్‌కు సైతం దారితీస్తుందని ఆ తరువాత నిరూపితమైంది. మన ప్రాంతంలోని ఈశ్వరి తీగ ఆ జాతికి చెందినదే.

మనం చేయవలసినది

ఆసుపత్రి నుండి తిరిగి వస్తూ ఆమె ఏమీ మాట్లాడలేదు. పదిరోజుల తరువాత చికిత్సకు వెళ్ళారు. మిగిలిన విడతలన్నీ పూర్తిచేశారు. ఆ బస్తా బియ్యం కూడా వృథా కాలేదు. డాక్టరుగారి అనుమతితో ఇంటిల్లిపాదీ వండుకుని తిన్నారు. ఈనాటికీ ఆమె తనిఖీలకు క్రమం తప్పకుండా వెళుతున్నారు.

ఈ అనుభవం నుండి మన కుటుంబాలు గ్రహించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. ఒక వార్త చదివినప్పుడు, ఈ పరీక్ష పళ్ళెంలో జరిగిందా, జంతువులలోనా, మనుషులలోనా అని మొదట ప్రశ్నించుకోవాలి. వాడుతున్న మూలికలు, కషాయాలు ఏవైనా ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పాలి. కొన్ని మూలికలు మందుల ప్రభావాన్ని తగ్గించవచ్చు, పెంచవచ్చు. అన్నిటికంటె ముఖ్యంగా, సాగుతున్న చికిత్సను సొంత నిర్ణయంతో ఆపరాదు. క్యాన్సర్ విషయంలో పోగొట్టుకున్న కాలం తిరిగి రాదు.

రెండవ బాధ్యత విత్తనానికి సంబంధించినది. దేశవాళీ వరి సాధారణంగా ఎత్తుగా పెరుగుతుంది, గాలివానకు వాలిపోతుంది, పంటకాలం ఎక్కువ, దిగుబడి తక్కువ. రైతు దానిని వదులుకుంటే తప్పుపట్టలేము. అందుకే రాయపూర్, ముంబయి శాస్త్రజ్ఞులు వికిరణ పద్ధతితో ఎత్తు తగ్గించి, సువాసన గల దూబ్‌రాజ్ వంటి పాత వంగడాలకు కొత్త రూపం ఇచ్చే కృషి చేస్తున్నారు. 2001 నాటి చట్టం రైతులు తమ సంప్రదాయ వంగడాలను తమ పేరున నమోదు చేసుకునే హక్కు కల్పించింది. యూ చెట్టు బెరడును పరీక్షించడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ ముప్పై ఏళ్ళూ చెట్టు అడవిలో ఉన్నది కాబట్టే అది సాధ్యమైంది. లాయచా సంగతి తేలేదాకా లాయచా పొలంలో ఉండాలి.

రాయపూర్ విడిచివచ్చే ముందు ఆ బంధువు పల్లెకు వెళ్ళాము. కార్తికమాసం. కోతకు వచ్చిన హైబ్రిడ్ వరి మధ్య గట్టు పక్కన పది చాళ్ళ లాయచా తలెత్తి నిలబడి ఉంది. దిగుబడి లేని ఈ పంట ఎందుకు వేస్తున్నారని అడిగాము. "మా కోడలు నిండునెలలతో ఉంది బాబూ, ఇంట్లోకి కావాలి. పైగా ఆ చదువుకున్న వాళ్ళు మళ్ళీ వచ్చి అడిగితే గుప్పెడైనా ఇవ్వాలిగా" అన్నారాయన.